లేజర్ ట్యూబుకు పూలస్నానం

క్లాటెన్ బజారు వెనక సందులో, టైర్లకు గాలి కొట్టే షాపుకీ టెంపె సోయా ముక్కలు వేపే బండికీ మధ్య 'అబాది జ్ఞాపికలు' అని ఒక బోర్డు ఉంటుంది. అబాది అంటే శాశ్వతం. ఆ బోర్డులో రెండో అక్షరం ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని మళ్ళీ కోసి అతికించడం యజమాని సర్విదికి చేతకాక కాదు. ఆ ఒక్క అక్షరానికి ట్యూబు ఆయుష్షులోంచి ఎంత ఖర్చవుతుందో తెలుసు గనక అతికించలేదు.

సర్విది చేసేవి జ్ఞాపికలు. ఆ జిల్లాలో ఎవరు పదవీ విరమణ చేసినా, ఎవరు బదిలీ అయినా, ఎవరు వచ్చి కాసేపు ఉపన్యసించి పోయినా, చేతిలో ఒక యాక్రిలిక్ పలక పెట్టి పంపడం మర్యాద. పుచ్చుకున్నవాళ్ళు దాన్ని బీరువా మీద పెడతారు. బీరువా మీద చోటు అయిపోయాక బీరువా వెనక పెడతారు. జిల్లా పాలన ఈ పలకల మీద నిలబడి ఉందని సర్విది గట్టి నమ్మకం. పలకల్ని కోసేది లేజర్ యంత్రం, యంత్రానికి ప్రాణం ట్యూబు. కాబట్టి జిల్లా పాలన యావత్తూ తన కొట్లో ఉన్న ఒక గాజు గొట్టం మీద ఆధారపడి ఉందని తర్కబద్ధంగా తేల్చుకుని, ఆ బాధ్యతకు తగ్గ భయభక్తులతో బతుకుతున్నాడు.

అంతకుముందు ఆయన చేత్తో చెక్క అక్షరాలు కోసేవాడు. సన్నటి రంపం, పాదం కింద పలక, ముక్కు నిండా పొట్టు. తర్వాత సోలో నగరంలో మూతపడిన ఒక కొట్టు నుంచి ఈ యంత్రం వచ్చింది. అమ్మినవాడు "ట్యూబు కొత్తదే" అన్నాడు. పాత యంత్రం అమ్మేవాళ్ళందరూ అనే మాటే అది. నిజమైన వయసెంతో తెలిసే దారి లేదు గనక సర్విది దాన్ని ఎందుకైనా మంచిదని పెద్దవాళ్ళ లెక్కలో వేశాడు. రాజుగారి కత్తికీ, రథానికీ, వాయిద్యానికీ కూడా 'క్యాయి' అని గౌరవపదం తగిలించి పిలిచే నేల అది. వాటన్నిటికన్నా ట్యూబు ఏం తక్కువ తిన్నదని, దానికి 'క్యాయి పంజాంగ్ ఉమూర్' అని నామకరణం చేశాడు. దీర్ఘాయుష్షు గారు అని అర్థం. పేరును ఒక కాగితం మీద రాసి యంత్రం మూతకు అంటించాడు. యాక్రిలిక్ మీద కోయలేదు. కోస్తే ఆ పేరుకే కళంకం.

దీర్ఘాయుష్షుగారి దీర్ఘాయుష్షు కోసం సర్విది ఏర్పరచుకున్న శాస్త్రం చిన్నదేమీ కాదు. ట్యూబు వెలిగినంతసేపూ అరుగుతుంది, వెలగనంతసేపూ అరగదు. ఇది మూలసూత్రం. పవరు సగానికి కాస్త పైన పెట్టాలి తప్ప పూర్తిగా ఎన్నడూ పెట్టకూడదు. చుట్టూ తిరిగే నీళ్ళు చల్లగా ఉండాలి. అవి బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళే కావాలి, గొట్టంలో బుడగ కనపడకూడదు. లెన్సు మీద మసి ఉంటే కిరణం సగం అక్కడే ఆగిపోతుంది, అప్పుడు మనిషి తెలివితక్కువగా పవరు పెంచుతాడు. అందుకని ఆయన ప్రతి ఉదయం మొహం కడుక్కోకముందే లెన్సు తుడుస్తాడు. రెండు పలకల్ని పక్కపక్కన అంటించి గీస్తే మధ్యనున్న గీత ఇద్దరికీ పనికొస్తుంది. అలా ఒకే కోతతో ఇద్దరు అధికారులను విడదీసిన రోజు ఆయనకు అన్నం ఎక్కువ సహిస్తుంది.

అన్నిటికన్నా ఆయనకు పడనిది గీత మీద గీత. గిరాకీ పంపే ఫైళ్ళలో ఒకే అక్షరం రెండుసార్లు ఒకదానిమీద ఒకటి పడి ఉంటుంది. కంటికి ఒకటే. యంత్రానికి రెండు. అది చెప్పింది చెప్పినట్టు రెండుసార్లూ నడుస్తుంది. ఆ జిల్లాలో చెప్పింది చెప్పినట్టు చేసే ఉద్యోగి అదొక్కటే. అందుకే సర్విది రాత్రి భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, తలలో పేలు ఏరినంత శ్రద్ధగా గీతలు ఏరేవాడు.

ఈ శ్రద్ధ ఒక్కోసారి హద్దు మీరేది. అలాంటప్పుడు ఆయన భార్య రుమియాతి ఆయన్ని మళ్ళీ ఈ లోకంలోకి తెచ్చేది.

"పాక్నే, ఈ టీచరమ్మ పేరు యులియానా కదా?"

"అవును బూనే." మొగుడూ పెళ్ళాలు అక్కడ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు.

"మరి మొదటి అక్షరం వై ఏది? తోక కోసేస్తే అది 'వి' అయి కూర్చుంది. వులియానా అంటే ఎవరు? మీ చుట్టాలా?"

"తోక కొంచెం పొట్టి చేశాను. దూరం నుంచి చూస్తే తెలీదు."

"ఆవిడ దాన్ని దూరం నుంచి ఎందుకు చూస్తుంది? ఇంట్లో పెట్టుకుంటుంది, జ్ఞాపిక! నీకు పెళ్ళాం పేరు కోయమంటే 'రు' దగ్గర ఆపేసి మిగతాది అర్థం చేసుకోమంటావు."

సర్విదికి ఆ ఆలోచన బాగానే ఉందనిపించింది.

ఇంతటి నిగ్రహంతో నెట్టుకొచ్చినా, ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకు దీర్ఘాయుష్షుగారికి వయసు మీద పడటం మొదలైంది. లోపల లేచే ఊదారంగు వెలుగు చివర్న పాలిపోతోంది. మునుపు ఒక్కసారికి తెగే పలక ఇప్పుడు అడుగున పొరలా అంటుకునే ఉంటోంది. రుమియాతి వాటిని బొటనవేలితో తోసి విరుస్తూ, "ముసలాయన నమల్లేకపోతున్నాడు" అనేది.

ట్యూబు పోతే కొత్తది కొనే స్థితి లేదు. కొట్టు మూయాలి. మూస్తే జకార్తా వెళ్ళాలి. అక్కడ రుమియాతి అన్న పైరిన్‌కు మేకమాంసం పుల్లలకు గుచ్చి కాల్చే సాతే హోటలు ఉంది. బొగ్గుల ముందు నిలబడి విసనకర్రతో విసిరే స్థానం ఒకటి సర్విది కోసమే ఖాళీగా ఉంచానని పైరిన్ ఫోనులో ఎప్పుడూ చెబుతుంటాడు.

"ఏం దిక్ సర్విది, నీ గాజుగొట్టం ఇంకా బతికే ఉందా?"

"దయవల్ల ఉంది, మస్." దిక్ అంటే తమ్ముడు, మస్ అంటే అన్న, బయటివాళ్ళనీ అలాగే పిలుస్తారు.

"ఉండనీ, ఉండనీ. నేనేం తొందరపెట్టట్లేదు. వచ్చినవాళ్ళకు మాత్రం ముందే చెప్పి పెడుతున్నా, మా చెల్లెలి మొగుడు లేజరు మనిషి, మంట గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు అని."

ఆ మాటతో సర్విదికి పొగ వాసన వచ్చేది. విసరడం ఆయనకు కష్టం కాదు. పైరిన్ వచ్చిన ప్రతి గిరాకీకీ తనను పరిచయం చేస్తాడే, అది కష్టం.

సరిగ్గా అప్పుడు ఆర్డరు వచ్చింది. జిల్లా వృథా వ్యయ నివారణ కార్యాలయం వారు ఏటా ఒక మితవ్యయ పురస్కారం ఇస్తారు. ఎవరి మనసూ నొప్పించకూడదు గనక ఆ ఏడు జిల్లాలోని కార్యాలయాలన్నిటికీ ఇవ్వాలని తీర్మానించారు. పొదుపును మెచ్చుకోవడానికి అంత పెద్ద ఆర్డరు ఆ సందులోకి ఎన్నడూ రాలేదు. ఇది గట్టెక్కితే కొత్త ట్యూబుకు దారి దొరుకుతుంది. మధ్యలో పాత ట్యూబు పోతే జకార్తాకు దారి దొరుకుతుంది. రెండు దారుల మధ్య సర్విది నిలబడ్డాడు.

ఫైలు పట్టుకొచ్చినవాడు దారుస్మాన్. ఆ కార్యాలయంలో మర్యాదల విభాగం చూస్తాడు. చొక్కా మడత నలక్కుండా కూర్చోవడంలో సిద్ధహస్తుడు. జ్ఞాపిక నమూనాలో పురస్కారం పేరు చిన్నగా ఉంది, పుచ్చుకునే కార్యాలయం పేరు ఇంకా చిన్నగా ఉంది. ఇచ్చే అధికారి పేరు మాత్రం విడివిడి నల్లటి అక్షరాలుగా కోసి, పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు అతికించాలి. డాక్టరాందుస్ హాజీ కుస్మర్దానా, ఎస్.సోస్., ఎం.సి., ఎం.ఎం. ముందు డిగ్రీ, వెనక డిగ్రీలు, మధ్యన మనిషి.

సర్విది తెర మీద పేరును పెద్దది చేసి చూసి కళ్ళు మూసుకున్నాడు.

"మస్ దారుస్మాన్, ఈ పేరు మీద ఇంకో పేరు, దాని మీద ఇంకో పేరు ఉంది."

"బొద్దుగా కనపడాలన్నారు బాపాక్, అదే, మా పెద్దసారు. అందుకని అతికించినదాని మీదే మళ్ళీ అతికించాను. తెర మీద బొద్దుగానే ఉంది చూడండి."

"కోతలో బొద్దుగా రాదండీ. ఒకే చోట మళ్ళీ మళ్ళీ కాలి అక్షరం ఇంకా చిక్కిపోతుంది. పైవి తీసేస్తాను."

"బాపాక్ పేరులోంచి గీతలు తీసేస్తారా?" దారుస్మాన్ గొంతు తగ్గించాడు. "రేపు ఎవరన్నా అడిగితే మీరే తీశారని చెబుతారా? నా పేరు రాకుండా?"

"ఇంగ్గిహ్" అన్నాడు సర్విది.

ఈ ఇంగ్గిహ్ అనే మాట గురించి కాస్త చెప్పుకోవాలి. పెద్దవాళ్ళతో అనే 'అవునండి' అది. అయితే ఆ ఊళ్ళో దాని అర్థం ఒప్పుకున్నానని కాదు, వినపడిందని. ఒప్పుకున్నవాడూ ఇంగ్గిహ్ అంటాడు, ఒప్పుకోనివాడూ ఇంగ్గిహ్ అంటాడు, ఆ పని ఈ జన్మలో చేయనని మనసులో ఒట్టు పెట్టుకున్నవాడు మరింత మృదువుగా ఇంగ్గిహ్ అంటాడు. దానికి ఎదురుమాట ఒకటుంది, మ్బొతెన్ అని. కాదండి, కుదరదండి అని దాని అర్థం. దాన్ని జనం సమయానికి పనికొస్తుందని పెట్టెలో దాచి, సమయం వచ్చినప్పుడు పెట్టె తాళంచెవి కనపడలేదంటారు. సర్విది దారుస్మాన్‌కు ఇంగ్గిహ్ చెప్పి పంపేసి, ఆ రాత్రే పైగీతలన్నీ ఏరేశాడు. ఇద్దరి గౌరవమూ దక్కింది.

అంతటితో పోయేదే. కానీ వెళ్తూ వెళ్తూ దారుస్మాన్ యంత్రం మూత మీద కాగితం చదివాడు.

"క్యాయి పంజాంగ్ ఉమూరా? ట్యూబుకా?"

"ఏదో సరదాకండీ."

దారుస్మాన్ నవ్వలేదు. సరదాగా అన్నమాటలు పై అధికారికి గంభీరంగా చేరవేయడమే అతని ఉద్యోగం. వారం తిరక్కుండా ఫోను చేశాడు.

"పాక్ సర్విది, అదృష్టవంతులు మీరు! ఇది సురో నెల కదా. కోటలో క్యాయిలన్నిటికీ జమాసన్ చేస్తారు కదా, పూలనీళ్ళతో స్నానం. మీ క్యాయికి బాపాక్ స్వయంగా చేస్తానన్నారు. పత్రిక వాళ్ళు వస్తారు. సంప్రదాయమూ సాంకేతికతా చెయ్యీ చెయ్యీ కలిపిన రోజు అని వేస్తారట."

ట్యూబు చుట్టూ తిరిగే నీళ్ళలోకి కుళాయి నీటి బొట్టు పడితేనే సర్విది భోజనం మానేస్తాడు. మల్లెలు, గులాబీలు, కెనంగా రేకులు, వాటిని నానబెట్టిన బావి నీళ్ళు! వద్దండీ, గాజు పగులుతుందండీ అని మనసు గట్టిగా కేక పెట్టింది. నోరు మాత్రం చిన్నప్పటి నుంచీ అలవాటైన దారిలోనే పోయింది.

"ఇంగ్గిహ్."

రుమియాతి టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"పూలనీళ్ళకు సరేనన్నావా పాక్నే? నా చెయ్యి తడిగా ఉంటే ఆ గదిలోకే రానివ్వవు కదా నువ్వు!"

"సరేనన్లేదు. ఇంగ్గిహ్ అన్నాను."

"తేడా ఏంటి?"

"సరేనంటే ఒప్పుకున్నట్టు. ఇంగ్గిహ్ అంటే విన్నట్టు."

"నువ్వు విన్నట్టు అన్నావు, బాగుంది. ఆయన ఏమని విన్నాడు?"

ఈ ప్రశ్నకు ఆ జిల్లాలో ఇంతవరకు ఎవరూ సమాధానం కనిపెట్టలేదు.

అయినా సర్విది ఊరుకునే మనిషి కాదు. ఎదురు చెప్పలేనివాడికి ఏర్పాట్లు చేసుకునే తెలివి ఎక్కువ. ఒక కొత్త ప్లాస్టిక్ తొట్టి తెచ్చి, దానికి అరటాకు కట్టి, లోపలికి ఎటూ పోని రెండు గొట్టం ముక్కలు వేలాడదీశాడు. ట్యూబుకు నీళ్ళు తిరిగే అసలు తొట్టిని మూలకు జరిపి రుమియాతి బాతిక్ గుడ్డ కప్పాడు. అధికారి అబద్ధపు తొట్టిలో పూలనీళ్ళు పోస్తాడు, ఫోటో తీస్తారు, వెళ్ళిపోతారు. రుమియాతి చూసి, "తొట్టికి కూడా ఇంగ్గిహ్ అనడం నేర్పించావు" అని మెచ్చుకుంది.

అనుకున్న రోజున కుస్మర్దానా వచ్చారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, బొడ్లో చిన్న కత్తి పెట్టుకుని పూర్తి జావా దుస్తుల్లో ఉన్నారు. పత్రిక నుంచి ఒక విలేఖరి, ఒక ఫోటోగ్రాఫరు, వెనక దారుస్మాన్, అతని చేతిలో పూలు తేలే ఇత్తడి పాత్ర. సందులో టెంపె బండివాడు సెగ తగ్గించి చూస్తున్నాడు.

అధికారి పాత్ర అందుకుని అబద్ధపు తొట్టి వైపు వంగారు. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

"బాపాక్, ఒక్క నిమిషం. ఇందులో నీళ్ళు కదలట్లేదు. ఫోటోలో చచ్చినట్టుంటుంది. ఆ మూల గుడ్డ కింద ఏదో జలజల మంటోంది చూడండి."

కళాకారులతో వచ్చే ప్రమాదమే ఇది, వాళ్ళకు చెవులుంటాయి. దారుస్మాన్ గుడ్డ లాగాడు. అసలు తొట్టి బయటపడింది. నీళ్ళు ట్యూబు చుట్టూ తిరిగొచ్చి గొట్టంలోంచి ముత్యాల్లా పడుతున్నాయి.

"ఆహా, ఇదీ క్యాయి స్నానపు తొట్టి!" అన్నారు అధికారి. "ఇక్కడ పోయవచ్చు కదా పాక్ సర్విది?"

సర్విది భార్య వైపు చూశాడు. ఆమె ఇంటి పైకప్పు వైపు చూస్తోంది.

"ఇం... ఇంగ్గిహ్."

ఇత్తడి పాత్ర వంగింది. మల్లెలు, గులాబీ రేకులు, పసుపు కెనంగా అన్నీ నీళ్ళలో పడి, చిన్న పంపు వైపు బయల్దేరాయి. కెమెరా మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సర్విది కూడా కొట్టాడు, ఆలస్యంగా, రెండుసార్లు.

"ఇక నా పేరు కోయండి, చూద్దాం" అన్నారు అధికారి.

సర్విది నల్ల పలక పెట్టి, మూత దించి మీట నొక్కాడు. గుర్రుమని యంత్రం కదిలింది.

"ఇంత నెమ్మదిగానా? ఎంత పవరులో నడుపుతున్నారు?"

"సగానికి కాస్త పైన, బాపాక్. ట్యూబు పెద్దది... వయసులో."

"మాది వృథా వ్యయ నివారణ శాఖ పాక్ సర్విది! సమయం వృథా చేయకూడదు. పూర్తిగా పెట్టండి."

"ఇంగ్గిహ్" అని సర్విది చెయ్యి దానంతటదే ముందుకెళ్ళి పవరు మీట తిప్పింది. అన్నేళ్ళలో ఎన్నడూ చూడని ఊదారంగు ట్యూబులో లేచింది. అందంగానే ఉంది. ఆరిపోబోయేవి అలాగే ఉంటాయని ఆయన అనుకున్నాడు.

కాసేపటికి ఆయనకు ఏదో తక్కువైనట్టు తోచింది. యంత్రం శబ్దం ఉంది, గాలి పంకా శబ్దం ఉంది, అధికారి గొంతు ఉంది. నీళ్ళ జలజల లేదు. తొట్టి వైపు తల తిప్పితే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు గొట్టం చుక్క చుక్కగా ఉమ్ముతోంది. ట్యూబు మొదట్లో, నీళ్ళు లోపలికి వెళ్ళే సన్నటి గాజు ముక్కు దగ్గర ఒక గులాబీ రేక అతుక్కుని ఉంది. దాని వెనక బుడగ ఒకటి మెల్లగా పెద్దదవుతోంది.

ఇప్పుడు ఆపితే అధికారి పేరు సగంలో ఆగుతుంది, ఆర్డరు పోతుంది. ఆపకపోతే గాజు పగులుతుంది, అప్పుడూ ఆర్డరు పోతుంది. జకార్తా బొగ్గులు రెండు వైపుల నుంచీ కనపడ్డాయి. అయితే ఒక వైపు దీర్ఘాయుష్షుగారు బతికి ఉన్నారు. సర్విది ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టాడు.

సందులో టెంపె చిటపట వినపడింది.

"ఏమైంది? కానివ్వండి" అన్నారు అధికారి.

"పాక్, మళ్ళీ నొక్కండి!" దారుస్మాన్ గుసగుసలాడాడు. "నొక్కండి, బాపాక్ చూస్తున్నారు!"

"మ్బొతెన్" అన్నాడు సర్విది.

గట్టిగా అనలేదు. అయినా గదిలో ప్రతివారికీ వినపడింది. దారుస్మాన్ చొక్కా మడత మొదటిసారి నలిగింది. రుమియాతి కప్పు మీంచి చూపు దించి, కొత్తవాణ్ణి చూసినట్టు మొగుణ్ణి చూసింది.

అధికారి తనే మూత ఎత్తి పలక బయటకు తీశారు. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు.

"నా పేరేదీ?"

"అదే బాపాక్."

"ఇవి చిల్లులు."

"పేరు లోపలి భాగాలు బాపాక్. ఏ లోపలి మూల, డీ లోపలి పొట్ట, ఓ లోపలి గుండ్రం. లోపలివి ముందు కోస్తాం. బయటి గీత ముందు కోస్తే అక్షరం ఊడి కదిలిపోతుంది, తర్వాత లోపల కోసేది వంకర పోతుంది. ఇంకా బయటి గీతల దాకా రాలేదు."

"అంటే నా పేరులో ఇప్పటిదాకా వచ్చినవి..."

"ఖాళీలు, బాపాక్."

ఫోటోగ్రాఫరుకు దగ్గొచ్చింది. అది ఎక్కువసేపు వచ్చింది. విలేఖరి మాత్రం బుద్ధిమంతుడు, కలం తీశాడు.

ఇక్కడ కుస్మర్దానా ఎంత గొప్పవారో ఒప్పుకోవాలి. ఊరికే అన్ని డిగ్రీలు రావు. ఆయన పలకను వాకిలి వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఎండ ఆ చిల్లుల్లోంచి దిగి ఆయన చొక్కా మీద చుక్కలు పెట్టింది. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. మౌనం బాగా కుదిరిందనిపించాక నోరు విప్పారు.

"సువుంగ్" అన్నారు. "శూన్యం! మన పెద్దలు ఏం చెప్పారు? నాయకుడనేవాడు తనను తాను ఖాళీ చేసుకోవాలి. పేరు వదులుకోవాలి. లోపలున్న శూన్యమే మిగలాలి. రాసుకో బాబూ. ఈ ఏడు మా పురస్కారం మీద నా పేరు ఉండదు. నా పేరులోని శూన్యం ఉంటుంది."

"అంటే ఇది ముందే అనుకున్న నమూనానా, బాపాక్?" అడిగాడు విలేఖరి.

"మరి నేను ఇక్కడికి ఎందుకొచ్చాననుకున్నావు?"

దారుస్మాన్ అంతా రాసుకున్నాడు, తను ముందే రాసి పెట్టుకున్నట్టు కనపడేలా.

వాళ్ళు వెళ్ళాక సర్విది నీళ్ళు పారబోసి, పంపు విప్పి, రేకులు ఒక్కొక్కటే తీశాడు. గాజు ముక్కులోని గులాబీని సన్నటి తీగతో లాగాడు. బ్యాటరీ నీళ్ళు పోసి కడిగాడు, పారబోశాడు, మళ్ళీ కడిగాడు. రుమియాతి దీపం పట్టుకుని నిలబడింది. అంతా బిగించి, పవరు బాగా తగ్గించి మీట నొక్కినప్పుడు ఊదారంగు ఒకసారి వణికింది, ఇంకోసారి వణికింది, నిలిచింది.

"బతికాడు" అన్నాడు సర్విది.

"వాసన కూడా బాగుంది" అంది రుమియాతి. "నువ్వు కూడా ఏడాదికోసారి ఇలా చేయించుకోవచ్చు."

ట్యూబుకు బలం తగ్గిన మాట నిజం. బయటి గీతలు కోయాల్సి వస్తే ఆ ఆర్డరు సగంలోనే కన్ను మూసేదే. కానీ కోయాల్సినవి చిల్లులే. అవీ చిన్నవి. మూల ఒకటి, పొట్ట ఒకటి, గుండ్రం ఒకటి. సర్విది జీవితంలో కలగన్న కోత అదే. గీతలు ఏరే పని లేదు, అంచులు కలిపే పని లేదు, అధికారి తానే తన పేరును అతి తక్కువ గీతలకు కుదించుకున్నాడు. ఆర్డరు గడువుకన్నా ముందే పూర్తయింది. కొత్త ట్యూబు గడ్డిలో పడుకుని, చెక్కపెట్టెలో దిగింది. పైరిన్ తన విసనకర్రను ఇంకెవరికో ఇచ్చాడని తెలిసింది.

పురస్కారాల సభ ఘనంగా జరిగిందట. పుచ్చుకున్నవాళ్ళెవరికీ అవి ఎవరి పేరులోని చిల్లులో తెలియలేదు. తెలియదని చెప్పుకోవడం బాగుండదు గనక అందరూ చాలా లోతైన నమూనా అన్నారు. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉండాలని పై నుంచి ఆదేశం వచ్చింది.

ఆ ఆదేశంతోనే దారుస్మాన్ మళ్ళీ కొట్టుకి వచ్చాడు. టీ తాగాడు, వాతావరణం గురించి మాట్లాడాడు, సర్విది ఆరోగ్యం అడిగాడు, కొత్త ట్యూబు ఆరోగ్యం అడిగాడు. అసలు సంగతి గ్లాసు అడుగున చక్కెర కనపడ్డాక బయటికొచ్చింది.

"బాపాక్ ఒక విషయం గమనించారు పాక్ సర్విది. పేరులో శూన్యం బాగానే ఉంది. కానీ డిగ్రీల్లో ఎస్.సోస్.కు ఒక్క ఓ చిల్లే వచ్చింది. ఎం.సి.కి ఏమీ రాలేదు. ఎం.ఎం.కీ ఏమీ రాలేదు."

"ఎమ్ముకు లోపల ఖాళీ లేదు కదా మస్. డిగ్రీల్లో చిల్లుల్లేవంటే గౌరవమే కదా?"

"నేనూ అదే చెప్పాను. సంతోషించారు. కానీ హాజీ అని చెప్పే హెచ్ ఉంది చూశారూ, దానికీ చిల్లు రాలేదు. మక్కా వెళ్ళొచ్చిన మనిషి. అది అసలు కనపడకపోతే ఎలా అని బాధపడుతున్నారు. దానికి ఒక్క చిల్లు పెట్టమన్నారు. చిన్నదే."

"ఎక్కడ పెట్టను? హెచ్‌లో లోపలంటూ లేదండీ. పైనా తెరిచి ఉంది, కిందా తెరిచి ఉంది."

"మధ్యలో ఆ అడ్డగీత ఉంది కదా, దాని పక్కన ఎక్కడైనా..."

"అక్కడ పెడితే అది హెచ్ చిల్లు కాదు మస్, ఉత్త చిల్లు."

"చూసేవాళ్ళకు తేడా ఏం తెలుస్తుంది?"

"మ్బొతెన్."

దారుస్మాన్ ఆయన మొహంలోకి జాగ్రత్తగా చూశాడు.

"ఇది ఇంగ్గిహ్ లాంటి మ్బొతెనా, నిజం మ్బొతెనా?"

"నిజందే."

దారుస్మాన్ నిట్టూర్చి, జేబులోంచి ఫోను తీసి, లేచి నిలబడి, అవతలివాళ్ళకు కనపడుతున్నట్టే కాస్త వంగాడు.

"ఇంగ్గిహ్, బాపాక్... ఇంగ్గిహ్, మాట్లాడాను... ఇంగ్గిహ్, ఇంగ్గిహ్. పెడతారట, బాపాక్."